ఆట అన్నం పెడుతుందా?

పిల్లలూ! మొన్న వేసవి సెలవులలో నేను కోరుట్లలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఆమె మనుమడు అమెరికాలోని టెక్సాసు నుంచి వచ్చి ఉన్నాడు. పదమూడేండ్లవాడు, వయస్సుకు మించిన పొడుగు. వాడి చేతిలో ఒక వింత బంతి ఉన్నది. అది గుండ్రంగా లేదు. రెండు కొసలూ మొనదేలి, పెద్ద గజనిమ్మకాయలాగా ఉన్నది.

"ఇదేమి బంతిరా?" అని అడిగాను.

"ఫుట్‌బాల్, తాతా!" అన్నాడు.

"ఫుట్ అంటే కాలు గదా! దీన్ని కాలితో తంతారా?"

"తన్నేది చాలా తక్కువ, తాతా. చేత పట్టుకొనే ఉరుకుతాము. మా బడి జట్టులో నేను టైట్ ఎండ్‌ని" అన్నాడు వాడు, ఛాతీ విరుచుకొని.

ఈ లోపల వాడకట్టు పిల్లలంతా పోగయినారు. సిరిసిల్ల నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పిల్లవాడు బంతిని అటూ ఇటూ తిప్పి చూచి, "పెద్దగయినాక గూడ ఇదే ఆడుతవా? దీనికి జీతమిస్తరా?" అని అడిగాడు.

వాకిట్లో కూర్చొన్న వాళ్ళ అమ్మ వెంటనే, "ఆట అన్నం పెడుతదా బిడ్డా? పోయి పుస్తకం పట్టు" అన్నది.

పిల్లవాడు బంతిని కింద పెట్టేశాడు. నాకు గుండె కలుక్కుమన్నది. ఎందుకంటే ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. ఆ సంగతి చివర చెబుతాను. ముందు ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు వెదుకుదాము.

అమెరికా ఫుట్‌బాల్‌లో ఒక్కొక్క జట్టుకు 11 మంది. మైదానం 100 గజాల పొడుగు. ఆ పైన రెండు కొసలలోనూ 10 గజాల గమ్యస్థలం ఉంటుంది. బంతి చేతికి వచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలైనా ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు అవకాశాలు. పోలేకపోతే బంతి ఎదుటివారిది. ఇలా గజం గజం గెలుచుకొంటూ పోయి, బంతిని ఎదుటివారి గమ్యస్థలంలోనికి చేర్చాలి. మన కబడ్డీలో కూతకు వెళ్ళినవాణ్ణి పట్టేవాళ్ళు చుట్టుముట్టినట్టే, బంతి పట్టుకొన్నవాణ్ణి ఎదుటివారు చుట్టుముట్టి పడదోస్తారు.

మరి టైట్ ఎండ్ అంటే ఎవరు? ముందు నిలబడే బలిష్ఠుల వరుసకు చివర, వారిని ఆనుకొన్నట్టుగా నిలబడేవాడు. అతనికి రెండు పనులు. ఒకసారి ఎదుటివాణ్ణి గోడలాగా అడ్డగించి, తనవాడు పరుగెత్తడానికి దారి చేయాలి. ఇంకొకసారి తానే చప్పున ముందుకు ఉరికి, నాయకుడు విసిరిన బంతిని గాలిలో అందుకోవాలి. మొదటి పనికి ఎద్దు బలం కావాలి. రెండవ పనికి లేడి వేగం కావాలి. ఈసారి ఇతడు అడ్డుకొంటాడా, ఉరుకుతాడా అన్నది ఎదుటివారికి ముందుగా తెలియకపోవడమే ఇందులోని కీలకం. అందుకే ఈ స్థానానికి ఆరడుగులకు మించిన పొడుగు, నూరు కిలోలకు పైబడిన బరువు ఉండి కూడా చురుకుగా కదిలేవాళ్ళను ఏరుకొంటారు.

ఇక జీతం సంగతి. అక్కడ ఆటగాడి దారి బడి నుంచి కళాశాలకు, కళాశాల నుంచి వృత్తి జట్టుకు పోతుంది. ఉన్నత పాఠశాల ముగించి మూడేండ్లు గడిస్తే గాని ఎవరినీ వృత్తి జట్లలోకి ఎంచుకోకూడదని నియమం. వృత్తి జట్లు 32 ఉన్నవి. ప్రతి ఏటా ఏప్రిల్ నెలలో అవి వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకొంటాయి. ఇందులో ఒక చమత్కారం ఉన్నది: క్రిందటి ఏడు అందరికంటె వెనుకబడిన జట్టుకే మొదటి వంతు! ఏడు విడతలలో సుమారు 250 మందికి పిలుపు వస్తుంది. ఇది వినడానికి పెద్ద సంఖ్యే. కాని కళాశాలలలో ఆడేవారు వేలకు వేలు. వారిలో నూటికి ఇద్దరికైనా వృత్తి జట్టులో చోటు దొరకదు.

పిలుపు రాకపోతే దారి మూసుకుపోయినట్టేనా? ఆంటొనియో గేట్స్ కథ వినండి. ఇతడు 1980లో డెట్రాయిట్ నగరంలో పుట్టాడు. కళాశాలలో ఆడింది బాస్కెట్‌బాల్. ఫుట్‌బాల్ ఒక్క పోటీలోనైనా ఆడలేదు. బాస్కెట్‌బాల్‌లో తాను ఆడే స్థానానికి ఆరడుగుల నాలుగంగుళాలు చాలవన్నారు. 2003లో ఫుట్‌బాల్ జట్లు ఏడు విడతలుగా ఎంచుకొన్నవారిలో ఇతని పేరు లేదు. అయినా శాన్ డియేగో ఛార్జర్స్ అనే జట్టు ఇతనిని పిలిచి పరీక్షించి చేర్చుకొన్నది. బాస్కెట్‌బాల్‌లో ఎదుటివాణ్ణి వీపుతో ఆపి, ఎగిరి బంతిని అందుకోవడం అలవాటే గదా! ఆ విద్యే ఇక్కడ అక్కరకు వచ్చింది. అదే జట్టులో 16 సంవత్సరాలు ఆడి, 116 సార్లు బంతిని గమ్యం చేర్చాడు. టైట్ ఎండ్‌లలో మరెవ్వరూ అన్నిసార్లు చేర్చలేదు. 2025లో ఆ ఆట ప్రముఖుల మందిరంలో అతనికి స్థానమిచ్చారు.

కాని నాణేనికి రెండవ వైపు కూడా చూడాలి. జాన్ మెకీ అని మరొక గొప్ప టైట్ ఎండ్ ఉండేవాడు. 1963 నుంచి పదేండ్లు ఆడాడు. ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడై తోటివారి హక్కుల కోసం పోరాడాడు. పెద్దవాడైన తరువాత అతనికి మతిమరుపు జబ్బు పట్టుకొన్నది. అతని భార్య ఆ కష్టాన్ని వివరిస్తూ ఆట పెద్దలకు ఉత్తరం వ్రాసింది. దాని ఫలితంగా అటువంటి జబ్బుపడిన పాత ఆటగాళ్ళ పోషణకు ఒక నిధి ఏర్పడింది. మెకీ చొక్కా మీది అంకె 88. ఆ నిధికి ఆ అంకె పేరే పెట్టారు. 2011లో అతడు చనిపోయిన తరువాత మెదడును పరీక్షిస్తే, తలకు మాటిమాటికీ తగిలిన దెబ్బల వలన కలిగే హాని కనిపించింది. ఆట అన్నం పెట్టవచ్చు. కాని ఒంటి నుంచి దానికి సుంకం కూడా తీసుకోవచ్చు.

"అదంతా అమెరికా ముచ్చట. మన దగ్గర ఎవరన్న ఉన్నరా, తాతా?" అని సిరిసిల్ల పిల్లవాడు అడిగాడు.

ఉన్నారు. ఆట మాత్రం గుండ్రటి బంతితో, కాలితో ఆడే ఫుట్‌బాల్.

సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ అనే ఊరు ఉన్నది. అక్కడ 1936లో ఒక పేద ఇంట తులసీదాస్ బలరామ్ పుట్టాడు. ఆ కాలంలో హైదరాబాదు ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లువంటిది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయికి పోయి, 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలుచుకొని వచ్చింది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఇతడు ఎవరనుకొన్నారు? బడిపంతులు! ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, హైదరాబాదు బడులలో పాఠాలు చెప్పినవాడు. పంతులు గనుక ఆటను కూడా పాఠంలాగానే నేర్పాడు. ఒక వింత పోటీ పెట్టేవాడట: అందులో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే తన్నాలి! బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా, రాగానే తోటివానికి అందించాలని మరొక పోటీ. ఇలా ఆడగా ఆడగా రెండు కాళ్ళూ సమానమయ్యేవి. నేనొక్కణ్ణే అనే గర్వం పోయేది.

ఈ రహీం కంట బలరామ్ పడ్డాడు. 1956లో సంతోష్ ట్రోఫీకి ఆడే హైదరాబాదు జట్టులో చోటిచ్చాడు. ఆ ఏడూ, మరుసటి ఏడూ హైదరాబాదే గెలిచింది. 1956 చివరలో మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగినవి. భారత జట్టుకు రహీమే గురువు. ఇరవయ్యేండ్ల బలరామ్ ఆ జట్టులో ఉన్నాడు. మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. చివరకు నాలుగవ స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకంటె పైకి ఎన్నడూ పోలేదు.

బలరామ్ ముందు వరుసలో ఆడేవాడు. ఎడమ అంచున ఆడమంటే ఆడేవాడు. లోపలికి వచ్చి ఆడమంటే ఆడేవాడు. టైట్ ఎండ్ రెండు పనులు చేసినట్టే, ఇతడు ఎక్కడ నిలబెడితే అక్కడి పని చేసేవాడు. 1957లో కలకత్తాకు పోయి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరాడు. 1960లో రోము ఒలింపిక్స్‌లో బలమైన హంగరీ జట్టు మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు చేశాడు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు నాయకుడై, కలకత్తా లీగులో 23 గోలులు చేసి అందరికంటె ముందు నిలిచాడు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ అంటే ఆనాడు దేశమంతటికీ తెలిసిన ముగ్గురు.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాము. తరువాత థాయిలాండును, జపానును ఓడించారు. జపాను మీద గెలిచిన రెండు గోలులలో ఒకటి బలరాముది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్ళీ అదే దక్షిణ కొరియా! మైదానంలో లక్షమందికి దగ్గరగా జనం. ఆ క్రీడలకు కొన్ని దేశాలను రానీయకపోవడాన్ని భారత ప్రతినిధి ఒకరు తప్పుపట్టారన్న కోపంతో, ఆ జనం మనవాళ్ళను చూచి ఒకటే కేకలు. జర్నైల్ సింగ్ అనే వెనుక వరుస ఆటగాడికి తలకు దెబ్బ తగిలి కుట్లు పడి ఉన్నవి. రహీం అతనిని ముందు వరుసలోకి తెచ్చి ఆడించాడు. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు. 2-1తో బంగారు పతకం మనది!

ఆ గెలుపు సమయానికే రహీం పంతులుగారిని పుట్టకురుపు జబ్బు లోలోపల తినివేస్తున్నది. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. అదే ఏడు బలరాముకు ఊపిరితిత్తుల పొర వాచే జబ్బు వచ్చింది. ఉరికేవాడికి ఊపిరే మూలధనం గదా! 27 ఏండ్లు నిండీ నిండకముందే ఆట మానుకోవలసి వచ్చింది. అంతకు ముందటి ఏడు, అంటే 1962లో, ప్రభుత్వం అతనికి అర్జున పురస్కారం ఇచ్చింది. ఆట మానిన తరువాత అతడు తాను చివరగా ఆడిన బి.ఎన్.ఆర్. రైల్వే జట్టుకు శిక్షణ ఇచ్చాడు. కొత్తవారికి ఆట నేర్పాడు. 86 ఏండ్లు బ్రతికి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించాడు.

పిల్లలూ, ఇక్కడ ఒక లెక్క చేయండి. బలరామ్ బ్రతికింది 86 ఏండ్లు. పెద్ద జట్లలో ఆడింది ఏడెనిమిదేండ్లు. మిగిలిన బ్రతుకంతా ఆట బయటనే. ఆటగాడి దారి ఎంత పొట్టిదో, ఆ తరువాతి దారి ఎంత పొడుగో చూచారా? అమెరికాలోనూ ఇంతే. గేట్స్ వలె 16 ఏండ్లు నిలిచేవాళ్ళు చాలా అరుదు.

మన ఆడపిల్లలకు కూడా ఒక మాట. జగిత్యాల జిల్లాకు పొరుగున ఉన్న నిజామాబాదు జిల్లాలో గుగులోతు సౌమ్య అనే అమ్మాయి ఫుట్‌బాల్ నేర్చుకొని, భారత మహిళల జట్టులో ఆడింది. 2022లో ఐరోపాలోని క్రొయేషియా దేశానికి పోయి, డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. తండా నుంచి బయలుదేరిన కాళ్ళు సముద్రాలు దాటినవి.

ఇక మీ దారి ఎక్కడ మొదలవుతుంది? అమ్ముగూడకు అట్టే దూరం కాని హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉన్నది. అటువంటిదే కరీంనగరంలో ఒకటి ఉన్నది. అది జగిత్యాలకూ సిరిసిల్లకూ దగ్గరే. ఈ బడులలో నాలుగవ తరగతిలో పిల్లలను చేర్చుకొంటారు. పరుగు, దూకుడు, బరువు బంతి విసరడం, ఒళ్ళు వంచడం వంటి పరీక్షలు పెట్టి, ఎత్తూ బరువూ కొలిచి ఎంపిక చేస్తారు. చేరినవారికి ఆటతోపాటు చదువు కూడా అక్కడే. పెద్దయిన తరువాత రైల్వేలవంటి చోట్ల ఆటగాళ్ళకని ఉద్యోగాలు ఉంటాయి. అంటే, ఆట అన్నం పెట్టే మార్గం ఉన్నది. కాని అది ఇరుకైన మార్గం. చదువు అనే తోడు లేకుండా నడవకూడని మార్గం.

ఇప్పుడు నేను దాచిపెట్టిన సంగతి.

అది 1996వ సంవత్సరం. సిరిసిల్ల వైపు ఒక ఊళ్ళో నేను పదవ తరగతికి లెక్కలు చెబుతున్నాను. మా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. వాళ్ళ నాయన సాంచాల మీద పని చేసేవాడు. పిల్లవాడికి లెక్కలు అంతంతమాత్రం. కాని వాలీబాల్ ఆడితే చూడవలసిందే. వల మీదికి మనిషి సగం లేచేవాడు. జిల్లా ఎంపికకు పిలుపు వచ్చింది. వెళ్ళడానికి తరగతి పంతులు చేవ్రాలు కావాలి. కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. పరీక్షలు మూడు నెలలున్నవి. "ఆట అన్నం పెడుతుందారా? ముందు లెక్కలు చూచుకో" అని కాగితం తిరిగి ఇచ్చేశాను. మంచి చేస్తున్నాననే అనుకొన్నాను.

పిల్లవాడు మారు మాట్లాడలేదు. వారం దినాలు మైదానం వైపు రాలేదు. ఆ తరువాత బడికే రాలేదు. విచారిస్తే, మేనమామ వెంట భీవండి పోయి సాంచాల పనిలో చేరాడని తెలిసింది. వాణ్ణి ప్రతి దినమూ బడికి లాక్కొని వస్తున్నది నా లెక్కలు కావు, సాయంత్రం వాలీబాల్ అని అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. నేను ఆటను తెంపితే చదువు నిలుస్తుందనుకొన్నాను. చదువు కూడా ఆ దారానికే వ్రేలాడుతున్నది.

పన్నెండేండ్ల తరువాత సిరిసిల్ల బస్టాండులో ఒకతను, "సార్, బాగున్నరా?" అంటూ వచ్చాడు. పోల్చుకోలేకపోయాను. పేరు చెప్పాడు. పాత సంగతి ఎత్తలేదు. నా చేతిలోని సంచి అందుకొని బస్సు ఎక్కి, మడమలైనా ఎత్తకుండా పైనున్న అరలో పెట్టి, "పోయొస్త సార్" అని దిగిపోయాడు. ఆ చేతులు ఎంత పొడుగో అప్పుడు చూచాను. దారి పొడుగునా నాకు వేరే ఆలోచన లేదు.

అతడు వృత్తి ఆటగాడు అయ్యేవాడేనా? కాకపోవచ్చు. నూటికి ఇద్దరైనా కారని ఇందాక చెప్పుకొన్నాము గదా. కాని పదవ తరగతి పూర్తి చేసి ఉండేవాడు. ఆ కాగితం మీద చేవ్రాలు చేసి, "వచ్చిన తరువాత ప్రతి సాయంత్రం ఆట ముగిసినాక ఒక గంట లెక్కలు చెబుతాను, రా" అని ఉంటే సరిపోయేది. ఆ తరువాత నేను ప్రధానోపాధ్యాయుడనైనాను. జగిత్యాలలో పనిచేసినా, కోరుట్లలో పనిచేసినా, అటువంటి కాగితం వస్తే తిప్పి పంపలేదు. గంట లెక్కలు మాత్రం విడువలేదు.

తల్లులూ, తండ్రులూ! "ఆట అన్నం పెడుతుందా?" అని అడగడం తప్పు కాదు. ఇంటి బాధ్యత మోసేవారు అడగవలసిన ప్రశ్నే. కాని దానితోపాటు ఇంకా మూడు అడగండి: వీడికి ఆట నేర్పేది ఎవరు? ఆటతోపాటు పాఠం నడుస్తున్నదా? ఒంటికి దెబ్బ తగిలితే దాచకుండా చెబుతున్నాడా? ఈ మూడింటికీ మంచి జవాబు ఉంటే, పిల్లవాణ్ణి ఆడనివ్వండి.

ఆ సాయంత్రం కోరుట్లలో ఏమి జరిగిందంటే, నేను ఈ కథంతా చెప్పి, "రండి, రహీం పంతులుగారి పోటీ ఆడదాము" అన్నాను. గజనిమ్మకాయ బంతిని పక్కన పెట్టి, గుండ్రటి బంతి తెచ్చారు. నియమం ఒక్కటే: కుడికాలి వాటం వాళ్ళు ఎడమ కాలితోనే తన్నాలి. కుడికాలు తగిలిందా, బంతి ఎదుటివారిది! మొదట అందరూ బోర్లా పడ్డారు. టెక్సాసు టైట్ ఎండ్ కూడా పడ్డాడు. పావుగంటకు బంతి కొంచెం మాట వినసాగింది. సిరిసిల్ల పిల్లవాడు ఎడమ కాలితో మొదటి గోలు కొట్టి, వాకిలి వైపు చూచాడు.

వాళ్ళ అమ్మ చాట పక్కన పెట్టి నవ్వుతున్నది. "చీకటి పడ్డంక పుస్తకం పట్టాలె మరి" అన్నది.

మీరు కూడా మీ బడిలో ఈ ఎడమకాలి పోటీ ఆడి చూడండి. ఎన్ని దినాలకు మీ రెండవ కాలు మాట విన్నదో మీ పంతులుగారికి చెప్పండి.